ఎర్ర గీత

"ఇవాళ ఏ పోస్టు చూసినా గ్యాస్ వాసనంటున్నారక్కా," అంది ఒక యాప్‌లో పోస్టులు తొలగించే ఆఫీసులోని కొత్తమ్మాయి. "నిప్పు లేనిదే పొగ రాదంటారుగా?"

"పొగ కనబడకుండా చూడ్డమే మన ఉద్యోగం. ఆ మాట కింద ఎర్ర గీత పడిందా, తీసెయ్. ఒక్కోటీ చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే," అంటూ సీనియర్ మరొకటి తీసేసింది.

తీసేశాకే గుర్తొచ్చింది, ఆ పోస్టు ఫొటోలోని నీలం గేటు తమ ఇంటిది.

ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. అదే యాప్‌లోని వీధివాళ్ల గ్రూపులో రాసింది: "గ్యాస్ లీకైంది. అమ్మ లోపలే ఉంది. తలుపు పగలగొట్టండి."

మళ్లీ మళ్లీ గ్రూపు తెరిచి చూసింది.

"ఒక్కరూ పలకరేమే!"

కొత్తమ్మాయి తొలగించే మీట మీంచి చెయ్యి తీసేసింది.

"ఏం రాశావక్కా?"

"గ్యాస్ అని..."

"ఇందాకే ఒకటొచ్చిందక్కా. నువ్వు చెప్పినట్టే... చదవకుండా తీసేశాను."