ఐదో చెయ్యి

మా మెడికల్ కాలేజీలో ఇప్పుడు ఎవరూ ఒంటరిగా పరీక్ష రాయరు. ఐదుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం. ఐదు అరచేతులు పడితేనే బల్ల జవాబు తీసుకుంటుంది. ఒక్కరు పెట్టకపోయినా అందరూ ఫెయిల్.

ఆ రోజు పేషెంటు ఆదెమ్మ పక్కనే మంచం మీద మూలుగుతోంది. తెర మీది రిపోర్టు చూసి నలుగురూ గ్యాస్ నొప్పి అని చేతులు పెట్టేశారు.

"నువ్వూ పెట్టవే నీలవేణీ, టైమైపోతోంది," అన్నాడు ప్రభుదాస్.

"ఆవిడని ఒక్కరైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడం సిలబస్‌లో లేదమ్మా," అన్నారు ఎగ్జామినర్ హేమాచలం గారు. "నీ మొండితనానికి వీళ్లెందుకు బలవ్వాలి? చెయ్యి పెట్టు."

లేచి వెళ్లి పెట్టాను, ఆదెమ్మ పొట్ట మీద. కుడివైపు కింద మెల్లగా నొక్కి వదలగానే కెవ్వుమంది.

"అక్కడే తల్లీ! పొద్దున బొడ్డు దగ్గరుండేది, అక్కడికి దిగింది."

"ఇది అపెండిక్స్ సార్. సర్జన్‌ని పిలవండి. నన్ను ఫెయిల్ చేసుకోండి."

"నువ్వొక్కదానివే కాదు, ఐదుగురూ ఫెయిలే."

నస్రీన్ బల్ల మీంచి చెయ్యి తీసేసింది. "అయితే మాకిక్కడ పనేముంది సార్?" అంటూ వచ్చి మంచం చక్రాల లాకు తీసింది. ప్రభుదాస్ గొణుక్కుంటూనే వచ్చాడు. మిగతా ఇద్దరూ వచ్చారు.

వెనకాల బల్ల "చేతులేవీ? చేతులేవీ?" అని అరుస్తూనే ఉంది. ఐదుగురి చేతులూ మంచం మీదున్నాయి.