మిగిలిన మార్కులు

గోడలు లేచాక పచ్చదనం గుర్తొచ్చే పెద్దమనుషులుంటారు. దుమ్ముగూడెం దారిలో రిసార్టు కడుతున్న అనిల్‌కుమార్ ఆ కోవలోవాడే. రెండో అంతస్తు స్లాబు పడ్డాక, పర్యావరణానికి మేలు చేసే కట్టడాలకు మార్కులు వేసి ఇచ్చే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కావాలన్నాడు.

చూడ్డానికి వచ్చిన కన్సల్టెంట్ పెదవి విరిచింది. "చెట్లు కొట్టేశారు, పైమట్టి అమ్మేశారు. ఆ మార్కులు పోయినట్టే."

"ఇప్పుడు వచ్చేవేమీ లేవా మేడం?"

"ఉన్నాయి. పనివాళ్లకు మరుగుదొడ్లు, తాగునీళ్లు, వాళ్ల పసిపిల్లలకు నీడ. అవి కట్టించండి."

ఆరు నెలలుగా ఆడకూలీలు మొత్తుకుంటున్నవీ అవే. "పక్కనే ఇంత అడవి ఉంటే దొడ్లెందుకమ్మా?" అని నవ్వినవాడు వారంలో కట్టించాడు. చట్టం చేయించలేని పని మార్కులు చేయించాయి చూడండి!

రెండోసారి వచ్చిన కన్సల్టెంట్ మెచ్చుకుంది. "సగం కట్టాక ఎవరూ దరఖాస్తు పెట్టరు. ఈ ఆలోచన ఎవరిదండీ?"

"అదిగో, మా కూలీ ఫజిలత్‌ది. గేటుకు గ్రీన్ బిల్డింగ్ బోర్డుంటే టూరిస్టులు ఎగబడతారంది," అన్నాడు అనిల్‌కుమార్ గర్వంగా.

సిమెంటు తట్ట దించి ఫజిలత్ నవ్వింది. "అవ్ మేడం. ఖమ్మంల ఇంతకుముందు చేసిన బిల్డింగుకు గా సర్టిఫికెట్టే ఇచ్చిన్రు. మార్కుల లిస్టంత నాకు నోటికొచ్చు."