ఫాలోఅప్ దొంగ

తన మెయిళ్లు ఎవరో దొంగచాటుగా చదువుతున్నారన్న అనుమానం రిమైండరుకి పెయింట్ల డీలరు చేజారినప్పుడే మొదలైంది. ఆ తర్వాత మందుల షాపు చేజారింది. దాని వెనకే చెప్పుల షాపు. ముగ్గురూ బిల్లింగు మెషిన్ కొన్నారు. అతని కంపెనీ మెషినే కొన్నారు. కానీ కొన్నది అతని దగ్గర కాదు, పక్క టేబులు కొత్తమ్మాయి దగ్గర.

రిమైండరు అతని అసలు పేరు కాదు. షాపులవాళ్లకి బిల్లింగు మెషిన్లు అమ్మే ఆ ఆఫీసులో, ఒకసారి వివరాలడిగిన పాపానికి ఎవర్నీ వదలకుండా ఫాలోఅప్ మెయిళ్లు రాస్తాడని తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరు. అతను దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు. ఫాలోఅప్ మెయిళ్లు రాయడం గురించి డబ్బు కట్టి మరీ ఆన్‌లైన్ క్లాసులు విన్నవాడాయె. "నా మెయిలు చూశారా?" అని మొదలుపెట్టేవాడు. జవాబు రాకపోతే "చూశారని నాకు తెలుసు" అని రాసేవాడు. ఆపైన "ఇదే నా చివరి మెయిలు" అని ఒకటి, మర్నాడు "నా చివరి మెయిలు అందిందా?" అని ఇంకొకటి. చెప్పుల షాపు యజమాని ఆపరేషన్ చేయించుకున్నాడని తెలిసి, త్వరగా కోలుకోవాలని కోరుతూ రాసి, కిందనే మెషిన్ ధరలు జతచేశాడు. అంత మనసున్న మనిషి.

ఇతను ఇలా రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే, ఆ కొత్తమ్మాయి పొద్దున్నే వచ్చి, తాపీగా టీ తాగి, ఒకే ఒక్క మెయిలు కొట్టి ఆర్డరు పట్టుకుపోయేది. అదీ అతను నెలల తరబడి నీళ్లు పోసి పెంచిన కస్టమరు దగ్గర్నుంచి! కడుపు మండిపోదూ మరి?

మంట ఒక్కటే అయితే ఓర్చుకునేవాడు. "ఈ నెల నీ పేరు మీద ఒక్క ఆర్డరైనా పడకపోతే వేరే ఉద్యోగం చూసుకోవయ్యా," అని మేనేజరు ముఖం మీదే చెప్పేశాడు. ఆ సంగతి భార్యకి చెప్పే ధైర్యం లేక అతనికి తిండి సయించడం మానేసింది.

పాస్‌వర్డ్ మార్చి చూశాడు. దొంగతనం ఆగలేదు. ఇక లాభం లేదని వల పన్నాడు. ఇనుప సామాన్ల షాపు నడిపే మేనమామ దగ్గరికి వెళ్లి గుట్టుగా విషయం చెప్పాడు.

"నేను నీకు మెయిళ్లు రాస్తుంటాను మామయ్యా. నువ్వు జవాబివ్వకు. నీ సంగతి ఆఫీసులో నరమానవుడికి తెలీదు. ఇక ఆ పిల్ల దగ్గర్నుంచి నీకు మెయిలొచ్చిందనుకో, నా మెయిళ్లలోంచే నీ అడ్రసు కొట్టేసినట్టు. అడ్డంగా దొరికిపోతుంది!"

"మధ్యలో నాకెందుకురా ఈ గొడవ?"

"నా ఉద్యోగం పోయేలా ఉంది మామయ్యా."

ఆ మాటతో మేనమామ మెత్తబడ్డాడు. "సర్లే అల్లుడూ, రాసుకో. నాదేం పోయింది," అన్నాడు.

ఎర కదా అని రిమైండరు తేలిగ్గా తీసుకోలేదు. తన విద్యంతా చూపించాడు. "మీలాంటి దూరదృష్టి గలవారికి" అని పొద్దున ఒకటి, "మీ పక్క షాపు ముందుకెళ్లిపోతోంది" అని మధ్యాహ్నం ఒకటి. ఆదివారమని కూడా చూడలేదు. మధ్యలో ఒకసారి మేనమామ ఫోన్ చేసి, "ఇంకెన్నాళ్లురా?" అన్నాడు. "ఓపిక పట్టు మామయ్యా, చేప దగ్గరికొచ్చేసింది," అన్నాడు రిమైండరు. అలా మాట్లాడుకున్నందుకు ధన్యవాదాలు చెబుతూ సాయంత్రం ఇంకో మెయిలు పంపాడు.

నెలాఖరుకి అతను అనుకున్నదే జరిగింది. కొత్తమ్మాయి పేరు మీద ఇనుప సామాన్ల షాపు ఆర్డరు పడింది. ఆమె మెయిలు రాస్తే చాలనుకుంటే, మేనమామ ఏకంగా మెషినే కొనేశాడు! నాటకం రక్తి కట్టాలని సొంత డబ్బు పెట్టి కొన్నాడనుకుని రిమైండరుకి కళ్లు చెమర్చాయి.

మర్నాడు మేనమామని వెంటబెట్టుకుని మేనేజరు గదిలోకి దూసుకెళ్లాడు. కొత్తమ్మాయిని కూడా పిలిపించాడు.

"దొంగ దొరికింది సార్! ఈయన మా మేనమామ. ఈయనకి మెయిళ్లు రాసింది ఈ ఆఫీసు మొత్తంలో నేనొక్కణ్నే. మరి ఈవిడకి అడ్రసెలా తెలిసిందో అడగండి."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

"నువ్వు చెప్పు మామయ్యా, భయపడకు. నీ అడ్రసు ఈవిడకి ఎవరిచ్చారు?"

"నేనేరా," అన్నాడు మేనమామ నీళ్లు నములుతూ. "నేనే ఆఫీసుకి ఫోన్ చేశా. ఈ అమ్మాయి ఎత్తింది."

"నువ్వా!"

"మీ మామయ్య ఒక్కడే కాదయ్యా," అన్నాడు మేనేజరు. "పెయింట్లాయన, మందులాయన, చెప్పులాయన... అందరూ అలా ఫోన్ చేసినవాళ్లే. నిజానికి నిన్ను తీసేద్దామనే అనుకున్నా. ఈ అమ్మాయే వచ్చి బతిమాలింది. నువ్వు లేకపోతే తనకి ఆర్డర్లు రావట."

రిమైండరు మేనమామ చేతిలో ఫోన్ లాక్కుని, కొత్తమ్మాయి రాసిన మెయిలు వెతికి పట్టుకుని తెరిచాడు.

"అయ్యా, మెషిన్ నా దగ్గర కొనండి, ఆయన మెయిళ్లు ఆ రోజు నుంచే ఆగిపోతాయి, పూచీ నాది."