పేరు పెట్టి పిలిచే నీడ

మా పేటలో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఓ నీడ ఉంటుంది. మనం పనిలో ఉంటే, మన గొంతుతో గ్రూపుల్లో అదే కబుర్లాడుతుంది. నా నీడ పేట గ్రూపులో నవ్విందంటే గోడ మీది కాకులు కూడా అరుపు ఆపి వింటాయి.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడంటే దానితోనే ముచ్చట్లు. నిన్న చేపలు తోముతూ విన్నాను.

"సన్నిబాబూ, తిన్నావా?" అంది అది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయి పాతికేళ్ళయినా ఆ పేరు నా నోట రాలేదు. మా వాడలో ఏ ఆడదీ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు.

"అదేటి, పేరెట్టి పిలుస్తాది?" అన్నాను.

"నువ్వెప్పుడైనా పిలిచావేటే?" అన్నాడు మురిసిపోతూ.

ఇవాళ పొయ్యి దగ్గర కళ్ళు గట్టిగా మూసుకుని అరిచేశాను. "సన్నిబాబూ! కూడు తిందువు, రా!"

అరుగు మీదున్న మా ఆయన గబుక్కున ఫోను తీసి, "ఏటి, పిలిచావా?" అన్నాడు.

"నేను కాదు, నీ పెళ్ళాం," అంది నీడ.

గరిటెతో సహా బయటికొచ్చాను. ఆయన పెళ్ళిచూపుల్లో లాగా సిగ్గుపడి, "మళ్ళీ ఓపాలి పిలువే," అన్నాడు.

"ముందు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టు," అన్నాను. "నా పిలుపు కూడా నేర్చేసుకుంటాది."