ఆరో స్వరం

పత్తికొండ దగ్గరి ఆ పల్లెలో సాయంత్రం ప్రార్థన ముగిసి అందరూ ఇళ్లకు పోయాక, ఏసుమణి ఒక్కతే చర్చిలో గిటారు పట్టుకుని కూర్చుంది. ఫోన్‌లో చూసి బ్లూస్ స్కేల్ నేర్చుకుంటోంది. ఉన్నవి ఆరు స్వరాలు. ఐదు చేతికి వచ్చేశాయి. మధ్యలో దూరే ఆరోది మాత్రం ఎంత సరిగ్గా నొక్కినా తప్పుగానే వినిపిస్తోంది. దాని అందమే అది, దాని మీద ఆగకుండా దాటిపొమ్మన్నాడు ఫోన్‌లోని మాస్టారు.

ఏసుమణి దాని మీదే వేలు ఆపింది. ఆ తప్పు తనకు బాగా తెలిసినదే. ప్రార్థనలో తన పక్కన కూర్చునే దీనవ్వది. ప్రతి కీర్తనలోనూ అవ్వ గొంతు సరిగ్గా అక్కడికే జారేది. అప్పుడు పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడిచి, ఎప్పుడూ ఒకే మాట అనేవాళ్లు. అవ్వ చనిపోయి రెండు ఎండాకాలాలు దాటాయి.

తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపింది. స్వరం ఆగలేదు. ఆడవాళ్లు కూర్చునే వైపు, చీకట్లో, కిటికీ కింద సన్నగా సాగుతోంది.

బయట తాళంచెవి పట్టుకుని నిలబడ్డ మామ కేకేశాడు.

"ఎవురమ్మా నీతో పాడతాండేది? జల్దీ రాండి ఇద్దరూ, తాళం ఎయ్యల్ల."

ఏసుమణి కిటికీ వైపు తిరిగింది. ఇన్నేళ్ల అలవాటుకొద్దీ, అందరూ అనే ఆ మాటే అనేసింది.

"నువ్వు పాడొద్దులే అవ్వా. చప్పట్లు కొట్టు, సాలు."

స్వరం ఆగింది. కాసేపు రేకుల మీద గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

తర్వాత కిటికీ కింద, మెల్లగా, చప్పట్లు మొదలయ్యాయి.