ఎవరి ఎడమ?

“అమ్మాయీ, రోడ్డు దాటేటప్పుడైనా ఆ చెయ్యి వదలవా? మీ ఆయన్నెవరూ ఎత్తుకుపోరులే,” అంది బాల్కనీలోంచి, నిన్నగాక మొన్న పైవాటాలో దిగిన పిన్నిగారు.

“నేనే వదలనండీ,” అన్నాడు భర్త. కొత్త పెళ్ళికూతురు ముసిముసిగా నవ్వుకుంటూ అతణ్ణి గేటులోకి లాక్కుపోయింది.

ఇంట్లోకి రాగానే లాప్‌టాప్ తెరిచింది. యంత్రాల్లోని సర్క్యూట్ బోర్డులకు వివరాల ఫైళ్ళు రాయడం ఆమె ఉద్యోగం. తనకు ఎక్కడ ఏం తగిలించారో బోర్డుకు తెలియదు, పాపం. ఫైల్లో రాసిందే దానికి వేదం.

ఈసారిది నడుంపట్టీ. ముందు ఏ వైపున ఏదైనా అడ్డొస్తే, ఆ వైపు మోటారు వణికి హెచ్చరిస్తుంది. రేపు పొద్దున దాన్ని కట్టుకుని ఒక మనిషి నిజం రోడ్డు దాటాలి. ఫైల్లో తప్పుంటే, బండి వచ్చే వైపుకే నడుస్తాడు.

సంజెవెలుగు గోడల మీంచి మెల్లగా జారిపోయింది. వంటింట్లో భర్త లైటైనా వెయ్యకుండా కూనిరాగం తీస్తూ బఠాణీలు ఒలుస్తున్నాడు. ఆమె లైటు వేసి, లాప్‌టాప్‌తో సహా గట్టెక్కి కూర్చుంది.

“చదవనా?”

“చదువు. నీ ఫైళ్ళు వింటే హాయిగా నిద్ర పడుతుంది.”

“ఇదివరకు రాసినాయన మోటార్లకు పదిహేడు, ఇరవై రెండు అని ఉత్త అంకెలు పడేసి పోయాడు. నేను పేర్లు పెట్టాను. ఎడమ మోటారు, కుడి మోటారు. ఎలా ఉంది?”

అతని వేళ్ళు ఆగాయి. “ఎవరి ఎడమ?”

“అదేం ప్రశ్న? ఎడమంటే ఎడమే.”

“మొన్న నాకు చొక్కా తొడుగుతూ ఎడమ చెయ్యెత్తమన్నావు. ఎత్తితే, అది కాదు, ఇటుది అన్నావు. నువ్వు ఎదురుగా నిలబడ్డావు మరి.”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తెర మీది బోర్డు బొమ్మ కూడా తనకు ఎదురుగానే ఉంది. తన ఎడమ, కట్టుకున్నవాళ్ళ కుడి. పేరు ముద్దుగానే ఉంది గానీ అబద్ధమాడుతోంది.

గబగబా దిద్దింది. ‘కట్టుకున్నవారి ఎడమ’, ‘కట్టుకున్నవారి కుడి’. పట్టీ తన నడుముకే బిగించి, ఎడమవైపు పళ్ళెం అడ్డు పెట్టి చూసుకుంది. ఎడమవైపే గిలిగింత పెట్టింది. సంతోషం పట్టలేక గుప్పెడు బఠాణీలు నోట్లో పోసుకుంది.

“కూరకు మిగల్చవే.”

“మీకెలా తెలిసింది?”

“వీధంతా వినపడేలా నములుతుంటే తెలియదూ?”

మర్నాడు పొద్దున, రోడ్డంచున పట్టీ తనే బిగించి, పక్కకు తప్పుకుంది. బండ్లు రివ్వున పోతున్నాయి.

కాసేపటికి పైనుంచి పిన్నిగారి గొంతు. “ఏమిటమ్మాయీ, ఇవాళ చేతులు ఖాళీ? అలిగాడా మీ ఆయన?”

ఆమె రోడ్డవతలికే చూస్తోంది.

అక్కడ, పుట్టుకతోనే చూపులేని ఆమె భర్త ఒక్కడే నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.