పిలవని అల్లుడు

లాంచీ నడిపే అమ్మాయి గెడకర్ర ఎత్తి తిమింగలం నెత్తిన ఒక్కటి వేసింది.

అది కదల్లేదు. లాంచీ పక్కన తల పైకెత్తి ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

లాంచీలో ఉన్నవాళ్లకు మనసు చివుక్కుమంది. నోరులేని జీవాన్ని కొట్టడమేమిటని ఎవరో గొణిగారు.

"మీ నాన్నను చంపి ఉంటే మీరూ కొట్టేవాళ్లే" అంది ఆమె.



ఆ తిమింగలం ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అది మందను వదిలేసిందో, మందే దాన్ని వదిలేసిందో గానీ, ఒంటరిగా ఆ రేవులోకి వచ్చి చేరింది. లాంచీ అంత పొడవు. వచ్చింది చేపల కోసం కాదు, మనుషుల కోసం. ఏ పడవ కనపడితే దాని పక్కకు చేరేది. ఎవరైనా చెయ్యి చాపితే తల తెచ్చి ఆ చేతి కింద పెట్టేది. కొండంత ప్రాణి అంత నెమ్మదిగా మసలుకోవడం చూసి ముసలివాళ్లు కూడా నోరు తెరిచేవారు.

పేరు పెట్టింది ఆమె నాన్నే.

"పిలవకుండా వస్తాడు. మర్యాద చేసేదాకా కదలడు. వీడు మన అల్లుడే" అన్నాడు ఓ రోజు వల చిక్కు తీస్తూ.

అప్పటినుంచి రేవంతా దాన్ని అల్లుడనే పిలిచింది. పెళ్లికాని పిల్లను ఆటపట్టించడానికి అందరికీ అదో వంక దొరికింది. మీ ఆయన వచ్చాడు, లాంచీ ఆపమనేవాళ్లు. ఈత తప్ప ఏ పనీ రానివాడు నాకొద్దని ఆమె కూడా నవ్వేది.

నాన్న ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. అల్లుడు దగ్గరికొస్తే ఇంజిన్ ఆపేయాల్సిందే. నీళ్లలో తిరిగే పంకా రెక్క తగిలితే వాడి ఒళ్లు చీరుకుపోతుందనేవాడు. కూతురికీ అదే అలవాటు చేశాడు.

ఓ రోజు నాన్న చిన్న పడవ వేసుకుని ఒక్కడే బయటి సముద్రంలోకి వేటకు వెళ్లాడు.

మధ్యాహ్నానికి పడవ రేవులోకి వచ్చింది. ఇంజిన్ ఆపి ఉంది. నాన్న అందులో వెల్లకిలా పడి ఉన్నాడు. తిమింగలం వెనకనుంచి పడవను తలతో గుద్దుతూనే ఉంది. రేవు మెట్ల మీద ఉన్నవాళ్లంతా కళ్లారా చూశారు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ప్రాణం పోయింది ఇప్పుడు కాదు, పొద్దున్నే అన్నాడు.

"అయితే చచ్చిపోయిన మనిషి పడవ నడుపుకుంటూ ఇంటికొచ్చాడా డాక్టరుగారూ?" అని నిలదీసింది ఆమె.



ఆమెకు అంతా అర్థమైపోయింది. నాన్న నిక్షేపంగా తిరిగొచ్చాడు. రేవులో అది ఎదురైతే ఎప్పటిలాగే ఇంజిన్ ఆపాడు. అది గుద్దింది. ఆ అదురుకు నాన్న గుండె ఆగింది. పడవ వెనక చెక్క నొక్కుకుపోయింది. ఆమె దాన్ని బాగుచేయించకుండా సాక్ష్యంలా అలాగే ఉంచుకుంది.

దాన్ని రేవులోంచి పంపేయమని ఆమె పెట్టే పోరు పడలేక అధికారులు చివరికి దారికొచ్చారు. బయటి సముద్రంలో తిమింగలాల మంద సాగిపోయే కాలం అది. అక్కడిదాకా తీసుకెళ్లి కలిపేస్తే పీడ విరగడవుతుందనుకున్నారు. అది ఎవరి పడవ వెంట వస్తుందని అడిగారు.

"మా నాన్న పడవ వెంట" అంది ఆమె.

అలాగే వచ్చింది. ముందు ఆమె, వెనకాల అది. అధికారులూ, ఆమె పెదనాన్నా ఎక్కిన పెద్ద పడవ చాలా దూరంగా వస్తోంది.

రేవు దాటి చాలాసేపు పోయాక, దూరంగా నీళ్లు చిమ్మాయి. ఒక చోట, ఇంకో చోట, ఆ తర్వాత ఎటు చూసినా.

అల్లుడు పడవను ఆనుకుని వచ్చి నిలబడ్డాడు. ఆమె చెయ్యి తనంతట తానే ఇంజిన్ ఆపేసింది.

ఆ నిశ్శబ్దంలో నీళ్ల అడుగునుంచి ఒక పిలుపు వచ్చింది. అది చెవికంటే ముందు పడవ చెక్కల్లోంచి ఆమె అరికాళ్లకు తెలిసింది. పక్కనున్నది బదులు పలికింది. పడవంతా వణికింది. మనసులో అంత పగ ఉన్నా ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత పెద్ద గొంతు ఉన్నది ఇన్నాళ్లూ మనుషుల మధ్య ఎంత మౌనంగా ఉందో కదా అనిపించింది.

అది తల ఎత్తి ఆమె చేతి దగ్గర పెట్టింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెళ్లు" అంది.

అది కాసేపు చూసింది. తర్వాత నీటిలోకి దిగింది. తోక ఒక్కసారి ఆకాశానికి అడ్డంగా లేచి, చప్పుడు లేకుండా మునిగిపోయింది.

ఆమె ఎంతసేపు అలా కూర్చుందో. తలెత్తేసరికి ఒడ్డు సన్నటి గీతలా కనపడుతోంది. పడవ దానంతటదే ఇంకా లోపలికి, సముద్రంలోకి పోతోంది. ఇంజిన్ అంటుకోలేదు. తెడ్డు వేసింది. లాభం లేకపోయింది.

పెద్ద పడవ దగ్గరికొచ్చింది. పెదనాన్న తాడు విసిరాడు.

"ఇంజిన్ ఆపి కూర్చున్నావేంటమ్మా? ఇక్కడి నీళ్లు పొద్దస్తమానం బయటికే లాగుతాయి. ఇంజిన్ ఆగిన పడవ ఇంతవరకూ ఒక్కటీ దానంతటది ఒడ్డుకు రాలేదు."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ."

ఆమె వెనక్కి తిరిగి, నొక్కుకుపోయిన చెక్క వైపు చూసింది. డాక్టరును తానడిగిన మాట గుర్తొచ్చింది.

"నాన్న పడవ వచ్చింది పెదనాన్నా" అంది మెల్లగా.

 తాడు పెదనాన్న చేతిలోంచి జారిపోయింది.

ఆమె నీటి మీదికి చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఆ చేతి కిందికి ఏదీ రాలేదు. చాలా దూరాన నీళ్లు చిమ్ముతున్నాయి. అందులో తమవాడు ఎవరో ఆమెకు తెలియలేదు.

డాక్టరు చెప్పింది నిజమే, నాన్న పొద్దున్నే పోయాడు. ఎదురు నీళ్లలో తలతో తోసుకుంటూ, తోసుకుంటూ, ఆయన్ను రేవు మెట్లదాకా తెచ్చి కూతురికి అప్పగించింది అల్లుడే.